వేరు కాపురం పెట్టిన కొండ

ఆ వీధికి పొద్దు ఆలస్యంగా వచ్చేది. ఊరంతా తెల్లవారి, పాలవాళ్లూ పేపరువాళ్లూ తిరిగి, బస్సులు కిటకిటలాడుతున్న వేళకు గానీ అక్కడి గుమ్మాల మీద ఎండ పడేది కాదు. వీధికి తూర్పున గోడలా ఒక కొండ నిలబడి ఉండేది. సూర్యుడు దాని వెనక ఎక్కీ ఎక్కీ, పైనుంచి ఒకసారి తొంగిచూసి, అప్పుడు ఇటు దిగేవాడు.

"మన వీధి సూర్యుడు కొత్తల్లుడే అమ్మాయ్. అందరూ లేచాక లేస్తాడు" అంది పెద్దామె, కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో.

కోడలికి నవ్వొచ్చింది గానీ, ఆ సంగతి మింగుడుపడలేదు. ఆమె బతుకంతా ఎండతో ముడిపడినది. పుట్టింట్లో నేర్చిన లాండ్రీ పనిని అత్తింటి పెరట్లో పెట్టుకుంది. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రి దిండు గలీబులు, క్షవరశాల తువ్వాళ్లు, అన్నీ తెల్లవే. పెరటి మధ్యలో బావి, బావి పక్కన రేకుల కింద ఉతికే యంత్రాలు, ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు. ఆ తాళ్ల మధ్య ఆమె ఎక్కడుందో వెతుక్కోవలసిందే. అందుకని వీధి ఆమెకు తెల్లమ్మ అని పేరు పెట్టేసింది. అసలు పేరు రేషన్ కార్డుకే మిగిలింది.

మొగుడిది ఆ కొండ మీదే పని. క్వారీలో రాయి పేల్చే మేస్త్రి. ఎక్కడ రంధ్రాలు వెయ్యాలి, మందు ఎంత కూరాలి, ఏ వరసలో పేల్చాలి అన్నీ అతని చేతిలోనే. వీధిలో అతన్ని ఢమాల్ మేస్త్రి అనేవాళ్లు. మనిషి మాత్రం ఇంట్లో చెంబు కింద పెట్టినా చప్పుడు కానివ్వడు. "వీడి నోట్లోని మందు కూడా క్వారీవాళ్లే వాడేసుకున్నట్టున్నారు" అని కన్నతల్లే విసుక్కునేది.

ఒకరు దుమ్ము లేపేవాళ్లు, ఒకరు దుమ్ము వదిలించేవాళ్లు. అలాంటి ఇద్దరికీ ముడిపడితే మొదటి తగవు దేనిమీద వస్తుందో వేరే చెప్పాలా? ఒక మధ్యాహ్నం కొండ మీద ఢమాల్మంది. కాసేపటికి బూడిదరంగు దుమ్ము మెల్లగా, మర్యాదగా దిగివచ్చి తడి దుప్పట్ల మీద కూర్చుంది. సాయంత్రం మొగుడు ఇంటికి రాగానే తెల్లమ్మ ఒక దుప్పటి తెచ్చి అతని భుజాల మీద కప్పింది.

"ఇదిగో నీ కొండ. ఎక్కడ పీకావో అక్కడ పెట్టేసి రా."

అతను దుప్పటి విప్పి చూశాడు, చేతులు కడుక్కున్నాడు, చొక్కా చేతులు మడిచి ఉతకడానికి కూర్చున్నాడు. సబ్బు ఎంత వెయ్యాలో తెలియక పెరడంతా నురగ చేశాడు. తెల్లమ్మ ఎంత బిగబట్టుకున్నా నవ్వు ఆగలేదు.

మర్నాటి నుంచి పేల్చే ముందు ఫోను వచ్చేది. "తెల్లమ్మా, తియ్." అంతే, ఇంకో మాట ఉండేది కాదు. ఆమె పరుగెత్తి తాళ్ల మీది బట్టలన్నీ లోపల పడేసేది. క్వారీ సైరన్ ఒకోసారి పనిచేసేది కాదు, ఒకోసారి ఊరికే కూసేది. అందుకని వీధిలో జనం సైరన్ను నమ్మడం మానేసి తెల్లమ్మను నమ్మడం మొదలుపెట్టారు. ఆమె పరుగు కనపడితే కిటికీలు మూసేవాళ్లు, చంటిపిల్లల చెవులు పొదివి పట్టుకునేవాళ్లు.

ఏళ్లు గడిచాయి. కొండ తరుగుతూ వచ్చింది. రోజూ చూసే మొహంలో ముడతలు తెలియనట్టే, రోజూ చూసే కొండలో తరుగూ తెలియలేదు. తెలిసింది ఎండ వల్ల. మొదట ఎండ కాస్త ముందుగా వచ్చింది. తర్వాత ఇంకాస్త ముందుగా. చివరికి పెద్దామె ఇంకా దుప్పట్లో ఉండగానే కిటికీలోంచి నేరుగా కళ్లలో పడటం మొదలుపెట్టింది.

"ఒరేయ్, వాడికి నేనేం అన్యాయం చేశానురా? ఇంత పొద్దున్నే వచ్చి మీద పడుతున్నాడు" అని ఆమె కొడుకును నిలదీసింది.

"సూర్యుడు మామూలుగానే వస్తున్నాడమ్మా. కొండే కూర్చుంది" అన్నాడు కొడుకు.

తెల్లమ్మ మాత్రం సంబరపడింది. దుప్పట్లు పూట ముందే ఎండేవి. "లోకంలో మొగుళ్లు పెళ్లాలకు చీరలు కొనిస్తారు. మావాడు ఎండ కొనిచ్చాడు" అని ఇరుగుపొరుగుతో గొప్పలు పోయేది. కొండ అడ్డు లేకపోయేసరికి గాలి కూడా తిన్నగా వచ్చేది. అది సంబరమో సంకటమో తేలకముందే వానాకాలం గాలికి రేకుల కప్పు సగం ఎగిరి పక్కింటి పెరట్లో పడింది. కొండ ఇన్నాళ్లూ ఏం కాస్తోందో అప్పుడు కొంచెం అర్థమైంది.

మొగుడితో కలిసి బజారుకు వెళ్లడం ఒక తమాషాగా ఉండేది. ఇంట్లో పెదవి విప్పని మనిషి బయట ఆగి ఆగి చూపించేవాడు. "ఈ వంతెన స్తంభాలు మనవే. ఆ రైలుపట్టాల కింద కంకర అంతా మనదే. ఈ ఆసుపత్రి చూశావూ, కింది నుంచి పైదాకా మన కొండే." పెద్దామెకు కంటి ఆపరేషన్ అయిన రోజున ఆ ఆసుపత్రి మెట్ల మీద ముగ్గురూ రిక్షా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఒక కంటికి గంతతో పెద్దామె మెట్టును అరచేత్తో నిమిరింది.

"చిన్నప్పుడు దీని మీదికి ఎక్కి మేకల్ని తోలుకొచ్చేదాన్నిరా. ఇంత ఎండలోనూ చల్లగానే ఉండేది" అంది. మెట్టును ఒకసారి తట్టి, "అయితే కొండ పోలేదన్నమాట. పిల్లలు ఎక్కువై వేరు కాపురాలు పెట్టింది" అంది.

మేస్త్రి పెద్దగా నవ్వాడు. కానీ ఇంటికి వచ్చేదాకా మళ్లీ ఏదీ చూపించలేదు.

పైన కొండ అయిపోయాక క్వారీ ఆగలేదు. ఊరికి రాయి కావాలి, ఊరు పెరుగుతోంది. కొండ ఉన్న చోటనే కిందికి తవ్వడం మొదలుపెట్టారు. అది గుంతైంది, గుంత లోయైంది. ఆ ఏడాది ఎండాకాలం తెల్లమ్మ బావిలో మోటారు ఒక పూట నీళ్లు, ఒక పూట గాలి పీల్చింది. గొట్టం దింపించింది. మళ్లీ దింపించింది. వీధిలో బావులన్నిటిదీ అదే వరస. వానలు సరిగా లేవన్నారు కొందరు. కలికాలమన్నారు ఇంకొందరు. తెల్లమ్మ కొన్ని హోటళ్ల బట్టలు వద్దనుకుంది. జాడించిన నీళ్లనే మళ్లీ నానబెట్టడానికి వాడింది. తెలుపులో ఆ తెలుపు పోయింది.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర మేస్త్రి తనంతట తానే నోరు విప్పాడు. అదే అరుదు.

"గుంతలో ఊట మరీ ఎక్కువైంది. పగలూ రాత్రీ పంపు తిప్పి కాలవలోకి పోస్తున్నాం. అయినా తడి ఆరట్లేదు."

తెల్లమ్మ వడ్డిస్తున్న చెయ్యి గాలిలోనే ఆగింది. "ఆ నీళ్లు ఎవరివయ్యా?"

"ఎవరివేంటి? భూమివి."

"భూమిలో ఎక్కడివి?"

అతను పళ్లెంలోకి చూశాడు. తెలుసా అంటే తెలుసు, తెలియదా అంటే తెలియదు. కళ్లెదుట ఉన్న సంగతిని రోజూ దాటుకుంటూ వెళ్లే మనిషికి అది ఎప్పుడు ఎదురొస్తుందో చెప్పలేం. ఆ సాయంత్రం అతనికి ఎదురొచ్చింది. "మన బావి కంటే ఆ గుంత లోతే తెల్లమ్మా" అన్నాడు మెల్లగా. "చాలా లోతు."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే అతనికి బాగుండేది. "రేపు నన్ను తీసుకెళ్లు. చూస్తాను" అంది.

అన్నేళ్లుగా ఆ కొండ దుమ్ము ఉతికింది గానీ, అది ఎక్కడినుంచి లేస్తుందో తెల్లమ్మ ఎప్పుడూ చూడలేదు. అంచున నిలబడి కిందికి చూసేసరికి కళ్లు తిరిగి మొగుడి మోచెయ్యి పట్టుకుంది. మెట్లు మెట్లుగా చెక్కిన గోడలు. ఒకచోట గులాబీ రంగు రాయి, ఒకచోట నల్లటి చార, వాటి మధ్య తెల్లగా మెరిసే గీత. అడుగున లారీలు అగ్గిపెట్టెల్లా తిరుగుతున్నాయి. గోడ పగుళ్లలోంచి నీళ్లు సన్నగా, ఆగకుండా కారుతున్నాయి.

"ఇదంతా నువ్వేనా?" అంది.

"నేను, ఇంకా చాలామంది."

ఆమెకు కోపం రావాలి. రాలేదు సరికదా, ఒక రకమైన గర్వం వచ్చింది. తన పక్కన నిలబడి గోళ్లు కొరుక్కుంటున్న ఈ మెత్తటి మనిషి కొండను మింగి లోయను కక్కాడా! గర్వం వెనకే భయం వేసింది. కిందికి దిగాక ఆమె గోడ దగ్గర దోసిలి పట్టి, నిండాక తాగింది. "మన బావి నీళ్లే" అంది. ఇంతలేసి గోడల మధ్య ఆ మాట చాలా చిన్నగా వినపడింది. మేస్త్రి మొహం తిప్పుకున్నాడు. ఆమె అది చూసి చీర కొంగుతో అతని మొహం మీది దుమ్ము తుడిచింది. "ఏడవకు. ఉన్నవే తక్కువ నీళ్లు" అంది.

మర్నాడు క్వారీ ఆఫీసు తలుపు తీసిన మేనేజరుకు ఎదురుగా ఒక దృశ్యం కనపడింది. పంపు నీళ్లు కాలవలో పడే చోట తెల్లమ్మ హోటలు దుప్పట్లు నానేసుకుని కూర్చుని ఉంది. ఆమె వెనక వీధిలో ఆడవాళ్లంతా బిందెలతో, అంట్లగిన్నెలతో, ఒకావిడైతే నీళ్లు పోయడానికి ఇద్దరు పిల్లల్ని కూడా తీసుకుని దిగిపోయారు. పెద్దామె కుర్చీ తెప్పించుకుని ఆఫీసు నీడలో కూర్చుంది. మేనేజరు మంచివాడే గానీ, నోరు తెరిస్తే 'పైవాళ్లను అడగాలి' అనే జబ్బు ఉంది.

"ఏంటమ్మా ఇదంతా?"

"మా బావి మీ దగ్గరికి వచ్చేసింది బాబూ" అంది తెల్లమ్మ. "బావి ఎక్కడుంటే మేమూ అక్కడే కదా. మీకు అభ్యంతరం లేకపోతే తాళ్లు మీ ఆఫీసు కిటికీలకు కట్టుకుంటాను."

"మేస్త్రీ, మీ ఆవిడకు కాస్త చెప్పవయ్యా" అన్నాడు మేనేజరు దీనంగా.

"ఇంట్లోనే చెప్పలేను సార్. ఇక్కడేం చెప్తాను?" అన్నాడు మేస్త్రి. ఆ మాటకు ఆడవాళ్లు గొల్లుమన్నారు. నవ్వు అణుచుకోబోయి మేనేజరు కూడా దగ్గాడు.

"పైవాళ్లను అడగాలి" అన్నాడు.

"అడుగు నాయనా, అడుగు" అంది పెద్దామె. "తొందరేం లేదు. మధ్యాహ్నం భోజనం కూడా తెచ్చుకున్నాం."

పైవాళ్లు ఏమనుకున్నారో ఏమో, ఆ వారమే పంపు నుంచి వీధిదాకా గొట్టం పడింది. వీధి చివర తొట్టి కట్టారు, కుళాయిలు పెట్టారు. అలా తెల్లమ్మ లాండ్రీ క్వారీ నీళ్లతో మళ్లీ నిలబడింది. "ముందు ఎండ, తర్వాత నీళ్లు. ఇంకేం తెస్తావయ్యా?" అని ఆమె అంటే, అతను ఈసారి నవ్వలేదు. "తెచ్చింది కాదే. తీసుకున్నదే తిరిగిచ్చాను" అన్నాడు.

రాయికి అంతు లేకపోయినా లోతుకు అంతుంటుంది. ఇంకా కిందికి దిగితే గోడలు నిలవవని తేలాక క్వారీ మూసేశారు. లారీలు వెళ్లిపోయాయి, కంకర కొట్టే క్రషర్ను విప్పి పట్టుకుపోయారు. అందరికంటే చివరిగా పంపు ఆపారు. ఎన్నో ఏళ్లుగా వీధికి ఊపిరిలా అలవాటైపోయిన ఆ గుర్రుగుర్రు ఆగేసరికి ఇంట్లో గడియారం చప్పుడు కూడా వినపడింది. నీళ్ల లారీలు వచ్చి తొట్టి నింపేలా కొన్నాళ్లపాటు ఏర్పాటు చేసి, మేనేజరు కూడా వెళ్లాడు.

మేస్త్రి లాండ్రీలో చేరాడు. దుప్పటి ఆరెయ్యడం అతనికి చేతకాలేదు. ఎంత చూసి వేసినా ఒక అంచు నేలకు తగిలేది. రాయిలో వెంట్రుకవాసి పగులును పట్టే మనిషి ఇస్త్రీ మడత పట్టలేకపోయాడు. తెల్లమ్మ విసుక్కునేది, మళ్లీ వేసేది, పక్కనుండి చూపించేది. పగలంతా ఇద్దరూ ఒకే పెరట్లో ఉండటం పెళ్లయ్యాక అదే మొదలు. ఒకరి పాట ఒకరు మొదటిసారి విన్నారు. అతను పనిచేసేటప్పుడు కూనిరాగం తీస్తాడని ఆమెకు అంతవరకూ తెలియదు. శ్రుతి మాత్రం లేదు.

రోజూ పొద్దున లేవగానే అతను చేసే మొదటి పని బావిలోకి తొంగిచూడటం. చాలాకాలం ఎండు బురదే కనపడింది. తర్వాత ఒకరోజు బురద నల్లబడింది. ఇంకొన్నాళ్లకు అడుగున అద్దంముక్కంత మెరుపు. అతను పెరట్లోంచి వేసిన కేకకు పెద్దామె గుండె పట్టుకుని లేచి కూర్చుంది. అంత గట్టిగా అతను అరవగలడని కన్నతల్లికీ తెలియదు.

"నీళ్లే! తెల్లమ్మా, నీళ్లు!"

వీధంతా వచ్చి వంతులవారీగా చూసింది. అటు గుంతలోనూ నీరు నిలిచింది. లారీలు తిరిగిన బాట మునిగింది, మెట్టు మెట్టుగా గోడలు మునిగాయి. ఇంకో వానాకాలం దాటేసరికి అది గుంతలా లేదు. నీలంగా, నిమ్మళంగా పెద్ద చెరువులా ఉంది.

అప్పుడు మేనేజరు మళ్లీ వచ్చాడు. చాలా దూరంలో ఇంకో కొండ తీసుకున్నారట. రాయి మంచిదట. పాత మేస్త్రి కావాలి.

"దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా" అంది పెద్దామె, ఎవరినీ చూడకుండా.

మేస్త్రి ఆలోచించుకుంటానన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరూ దుప్పటి చెరో కొస పట్టుకుని మడత వేస్తున్నారు. దగ్గరికి రావడం, కొసలు కలపడం, మళ్లీ దూరం జరగడం.

"నేను వెళ్లనే" అన్నాడతను. "ఒక కొండ చాలు ఒక జన్మకి."

"వెళ్లకపోతే ఆ కొండను వదిలేస్తారా?"

"వదలరు. ఇంకెవరినో పెట్టుకుంటారు."

"మరి మనం వంతెన దాటడం మానేస్తామా? ఆసుపత్రికి వెళ్లడం మానేస్తామా?"

అతను తన కొస కలపడానికి దగ్గరికి వచ్చాడు. "అయితే వెళ్లమంటావా?"

"వెళ్లమనట్లేదు, వద్దనట్లేదు. నువ్వు ఇక్కడుంటే నాకు హాయి. ఆ కొండ కింద కూడా ఎవత్తో ఒకత్తి బట్టలు ఆరేసుకుంటూ ఉంటుంది. దానికి చెప్పేవాళ్లు లేరని నా బాధ. మనకూ ఎవరూ చెప్పలేదు కదా."

మర్నాడు అతను మేనేజరుతో బస్సెక్కాడు.

అక్కడికి వెళ్లిన మొదటిరోజు అతను కొండ ఎక్కలేదు. కొండ కింద ఉన్న పేటలో ఇల్లిల్లూ తిరిగాడు. మాట్లాడటం రాని మనిషి ప్రతి గుమ్మం ముందూ నిలబడి, తడబడుతూ అదే మాట చెప్పాడు. పైన తవ్వినంతకాలం దుమ్ము వస్తుంది. కిందికి తవ్వడం మొదలయ్యాక మీ బావులు ఎండుతాయి. గొట్టం ముందే వేయించుకోండి, చెట్ల వరస ముందే నాటించుకోండి, మీరు ఒప్పుకుని సంతకాలు పెట్టాక అడిగితే ఎవరూ వినరు. కొందరు నమ్మలేదు. ఒకాయన కుక్కను కూడా వదిలాడు. కానీ రెండో రోజుకల్లా పేటంతా మేనేజరు గుడారం ముందు ఉంది.

"ఏమయ్యా, నువ్వు మా తరఫా, వాళ్ల తరఫా?" అని మేనేజరు అరిచాడు.

"అక్కడ బావులు ఎండాక వేసిన గొట్టం సార్. ఇక్కడ ముందే వేద్దాం అంటున్నా. అంతే కదా" అన్నాడు మేస్త్రి. "లేదంటే చెప్పండి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతా. దుప్పట్లున్నాయి."

మేనేజరు చాలాసేపు నెత్తి పట్టుకున్నాడు. ఆఫీసు కిటికీలకు తాళ్లు కడతానన్న ఆడమనిషి గుర్తొచ్చిందో ఏమో, ఆఖరికి అలవాటైన మాటే అన్నాడు. కానీ ఈసారి నిజంగానే పైవాళ్లను అడిగాడు. కొంత ఒప్పుకున్నారు, కొంత ఒప్పుకోలేదు. గొట్టానికి సరేనన్నారు. తూర్పు వాలులో ఊట ఉన్న చోటు జోలికి వెళ్లబోమన్నారు. పడమటి వాలు మాత్రం పోతుంది. పేటవాళ్లు దానికి సగం మనసుతో తలూపారు. మేస్త్రి పనిలో చేరాడు, వారానికోసారి ఇంటికి వచ్చేలా.

అలా వచ్చిన ఒక సెలవురోజు పెద్దామె చెరువు చూస్తానంది. కళ్లు మసకబారినా మోకాళ్లు అరిగినా మాటకు అరుగుదల లేదు. కొడుకు ఒక రెక్క, కోడలు ఒక రెక్క పట్టుకుని మెల్లగా తీసుకెళ్లారు. ఒడ్డున ఒక రాతిపలక మీద కూర్చోబెట్టారు. గోడ పగుళ్లలో ఎక్కడినుంచి వచ్చాయో గడ్డిపోచలు, మొలకలు. నీళ్ల మీద నల్లటి చిన్న పక్షులు మునిగి, ఎక్కడో దూరంగా తేలుతున్నాయి. చెరువు ఎంత లోతో వాటికి పట్టినట్టు లేదు.

"వీటికి ఎవరు చెప్పారురా ఇక్కడ నీళ్లున్నాయని?" అంది పెద్దామె.

"ఏమోనమ్మా."

ఆమె కాళ్లు చాపి నీళ్లలో పెట్టింది. కొడుకు కంగారుగా జారతావంటున్నా వినలేదు. తెల్లమ్మ కూడా చెప్పులు విప్పి పక్కన కూర్చుంది. మేస్త్రి మాత్రం రెండడుగులు వెనక్కి నిలబడ్డాడు. అతనికి ఈత రాదు, ఆ నీళ్ల అడుగున ఏముందో అందరికంటే అతనికే బాగా తెలుసు.

"రావయ్యా" అంది తెల్లమ్మ చెయ్యి చాపి. "ఇక్కడ మోకాలి లోతే."

అతను ప్యాంటు అంచులు మడిచి, ఆ చెయ్యి పట్టుకుని, జాగ్రత్తగా నీళ్లలోకి దిగాడు. చల్లదనానికి ఒక్కసారి ఉలిక్కిపడి "అబ్బా!" అన్నాడు. అత్తాకోడళ్లు పడీపడీ నవ్వారు. ఆ నవ్వు అవతలి గోడదాకా వెళ్లి వచ్చింది. పక్షులు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ అక్కడే వాలాయి.